సర్కారు ఉద్యోగం వచ్చింది సరే, వచ్చినవాడు ఎలా ఉన్నాడో అడిగామా?



పోస్టు పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి. సిగ్నల్ దొరికిన చోట కామెంట్ పెట్టండి.

మొన్న మన గ్రూప్‌లో ఒక తమ్ముడు సచివాలయంలో పని ఒత్తిడి తట్టుకోలేకపోతున్నానని రెండు లైన్లు రాశాడు. కింద వచ్చిన కామెంట్లు చాలామంది చూసే ఉంటారు. "గవర్నమెంట్ జాబ్‌లో ఒత్తిడి ఏటి తమ్ముడూ, ఫ్యాను కింద కూర్చోడమే కదా" అని ఒకరు. "నీకు కష్టంగా ఉంటే ఆ పోస్టు మాకిచ్చేయ్" అని ఇంకొకరు, పక్కన నవ్వు బొమ్మలు. గంటలో ఆ తమ్ముడు పోస్టు తీసేశాడు. రాత్రి పదింటికి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, రాజీనామా కాగితం రాసి బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో చెప్పడానికి మొహం చెల్లట్లేదు" అన్నాడు.

మొహం ఎందుకు చెల్లదో మనందరికీ తెలుసు. వాళ్ల గూడెంలో అదే మొదటి సర్కారు ఉద్యోగం. వచ్చిన రోజు ఊరంతా మేకని కోసుకుని తిన్నారు. రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు. మన గ్రూప్‌లో కూడా ఫొటో పెట్టి రెండొందల మంది శుభాకాంక్షలు చెప్పాం. ఆ రెండొందల మందిలో ఒక్కరం, నాతో సహా, ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి "ఎలా ఉన్నావురా" అని అడగలేదు. ఉద్యోగం వచ్చేదాకా మనం తోడుంటాం. వచ్చాక వాడి ఖర్మ. ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

నేనూ సచివాలయం మనిషినే. 2019 బ్యాచ్, వెల్ఫేర్ అసిస్టెంట్. 2019 అక్టోబర్ 2న ఈ వ్యవస్థ మొదలైనప్పుడు రాష్ట్రం మొత్తం మీద లక్షమందికి పైగా ఒకేసారి చేరాం. రెండేళ్లు ప్రొబేషన్, నెలకి 15 వేలు. రెండేళ్లంటే 2021 అక్టోబర్‌కి అయిపోవాలి. కొత్త స్కేలు మా చేతికి వచ్చింది 2022 జూలై నుంచి. ఆ మధ్య తొమ్మిది నెలలు ఎలా గడిచాయో ఆ బ్యాచ్ వాళ్లని అడగండి. తెలంగాణలో జూనియర్ పంచాయతీ కార్యదర్శులది ఇంకా పొడుగు కథ. వాళ్లూ 2019లో 15 వేలతోనే చేరారు. మూడేళ్ల ప్రొబేషన్‌ని నాలుగేళ్లు చేశారు. ఆ నాలుగేళ్లూ నిండాక కూడా రెగ్యులర్ చేయమని 2023 ఏప్రిల్ 28 నుంచి సమ్మెకి కూర్చోవాల్సి వచ్చింది.

15 వేల ఉద్యోగం రాగానే మా ఇంట్లో జరిగిన ఇంకో ముచ్చట చెప్తాను. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నాడని రైస్ కార్డు పోయింది. మా అమ్మ అడిగింది, "నీకు ఉద్యోగం వచ్చిందా, మనకి బియ్యం పోయాయా?" అని. నవ్వుతూనే అడిగింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ రోజు పొద్దున్నే ఇంకో ఇంటికి వెళ్లి "మీ కార్డు అనర్హతలో పడింది" అని చెప్పి వచ్చాను.

ఒకటో తారీఖు గురించి చెప్తాను, ఫ్యాను కింద కూర్చునేవాళ్ల గురించి రాసిన అన్న కోసం.

2024 జూలై నుంచి ఇంటింటికీ పింఛను పంచే పని సచివాలయం సిబ్బంది మీద పడింది. అంతకుముందు వలంటీర్లు చేసేవారు. ముందురోజు మండలం సెంటర్లో బ్యాంకులో క్యూ కట్టి డబ్బు తీయాలి. అది లక్షల్లో ఉంటుంది. బ్యాగులో పెట్టుకుని బండి మీద ఘాట్ రోడ్డు ఎక్కాలి. ఆ రాత్రి ఆ డబ్బు తలకింద పెట్టుకుని పడుకున్నవాళ్లు నాకు తెలుసు. నోట్లు లెక్క తేడా వస్తే జేబులోంచి వేసుకోవాల్సిందే. తెల్లారుజామున బయల్దేరితే బండి వెళ్లే దారి అయిపోయాక నడక. గూడెంలో అవ్వ వేలు పెడుతుంది, మెషిన్ ఒప్పుకోదు. పసుపు తవ్వి, పోడు కొట్టి అరిగిపోయిన చేతులకి గీతలు ఎక్కడుంటాయి? ముఖం ఫొటో తియ్యాలంటే నెట్ ఉండాలి. నెట్ కావాలంటే అవ్వని మెట్ట మీదకి తీసుకెళ్లాలి. నడవలేదు కాబట్టే కదా ఆవిడకి పింఛను!

ఈలోగా ఫోన్. "మీ సచివాలయం ఇంకా రెడ్‌లో ఉంది, పదింటికల్లా యాభై శాతం దాటాలి." మైదానంలో ఒక వీధిలో నలభై ఇళ్లు ఉంటాయి. మాకు నలభై ఇళ్లంటే మూడు గూడేలు, రెండు గెడ్డలు. శాతం మాత్రం ఇద్దరికీ ఒకటే, టైమూ ఒకటే. సాయంత్రం టెలికాన్ఫరెన్స్‌లో అందరి ముందూ పేరు చదువుతారు.

అయితే నేను చెప్పదలుచుకున్నది పని ఎక్కువైందని కాదు. మనోళ్లకి పని కొత్తా? మా అమ్మ వారమంతా తలమీద కట్టెలు, కడుపులో ఆకలితో చేసిన పనితో పోలిస్తే నాది పనే కాదు. పని ఎక్కువైతే మనిషి అలిసిపోతాడు, నిద్రపోతే తేరుకుంటాడు. నిద్రలో కూడా పోనిది వేరే ఉంది.

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్లకి ఇది మెయిన్స్‌లో కూడా పనికొస్తుంది కాబట్టి కాస్త శ్రద్ధగా చదవండి. రాబర్ట్ కారసెక్ అనే పరిశోధకుడు 1979లో ఒక మాట చెప్పాడు. పని భారం ఒక్కటే మనిషిని దెబ్బతీయదు. భారం ఎక్కువగా ఉండి, ఆ పని ఎప్పుడు చేయాలో, ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉంటే అప్పుడు దెబ్బతింటాడు. సొంత పొలంలో పొద్దున్నుంచి రాత్రిదాకా వొంగి పనిచేసేవాడికీ, రెడ్‌లో ఉన్నావని గంటకోసారి ఫోన్ అందుకునేవాడికీ తేడా అక్కడుంది. మెట్టకి అవతల ఉన్న గూడేనికి రేపు వెళ్తాను, ఇవాళ ఇవతలివాళ్లవి పూర్తి చేస్తాను అనే చిన్న నిర్ణయం కూడా నాది కాదు.

సీగ్రిస్ట్ అనే ఇంకొకాయన 1996లో దీనికి ఇంకో వైపు చూపించాడు. మనిషి పెట్టే శ్రమకీ, తిరిగి వచ్చేదానికీ పొంతన లేకపోతే రోగం వస్తుందన్నాడు. తిరిగి వచ్చేదంటే జీతం ఒక్కటే కాదు. గౌరవం, ఉద్యోగ భద్రత, ముందుకు వెళ్లే దారి, ఇవన్నీ కలిపి. మా కేడర్‌లో చాలామందిని "నీ ప్రమోషన్ ఎక్కడికి" అని అడగండి. జవాబు చెప్పడానికి తడుముకుంటారు. పై అధికారి ఎవరని అడిగితే ముగ్గురి పేర్లు చెప్తారు. మాతృశాఖ వాళ్లు ఒకటి అంటారు, మండలం ఆఫీసు ఒకటి అంటుంది, మరోవైపు ఎన్నికల డ్యూటీ. ముగ్గురూ ఇవాళే కావాలంటారు.

ఈ చదువులన్నిట్లో నాకు బాగా తగిలింది లండన్ సంగతి. అక్కడ వైట్‌హాల్ అంటే మన సెక్రటేరియట్ లాంటిది. 1967లో మొదలుపెట్టి దాదాపు 18 వేల మంది మగ ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించారు. పెద్ద కుర్చీలో ఉన్నవాడికే టెన్షన్ ఎక్కువ, గుండెపోటు వాడికే వస్తుందని మనం అనుకుంటాం. తేలింది తలకిందులుగా ఉంది. అన్నిటికన్నా కింది గ్రేడు వాళ్లు, అంటే కాగితాలు మోసేవాళ్లు, తలుపు దగ్గర నిలబడేవాళ్లు, పై గ్రేడు వాళ్లకన్నా మూడింతల రేటుతో చనిపోయారు. సిగరెట్టు, రక్తపోటు లాంటివి లెక్కలోంచి తీసేసినా తేడా పూర్తిగా పోలేదు. 1985లో మైకేల్ మార్మట్ బృందం ఆడవాళ్లని కూడా కలిపి పది వేల మందితో రెండోసారి మొదలుపెట్టింది. తమ పని మీద తమకి అదుపు తక్కువ ఉన్నవాళ్లకి గుండె జబ్బు ముప్పు ఎక్కువని అందులో కనిపించింది. వాళ్లందరూ పర్మినెంట్ ఉద్యోగులే. తిండికి లోటు లేనివాళ్లే. ఫ్యాను కాదు, హీటర్ పక్కన కూర్చున్నవాళ్లే.

అది లండన్. మన దగ్గరికి వస్తే ఆదివాసీ ఉద్యోగికి దీని మీద ఇంకో బరువు ఉంటుంది. ఇది ఎవరూ రాయరు కాబట్టి కొంచెం విడమరిచి రాస్తాను.

మా ఆఫీసులో మైదానం నుంచి వచ్చిన స్నేహితులు ఉన్నారు. మంచివాళ్లు. వాళ్లకి కువి రాదు, ఆదివాసీ ఒడియా రాదు. కోందు గూడెం నుంచి ఎవరైనా వస్తే ఏ శాఖ పనైనా సరే "నువ్వు రా, ఏమంటున్నాడో చెప్పు" అని నన్నే పిలుస్తారు. వెళ్తాను, వెళ్లాలి కూడా. కానీ ఆ గంట నా లెక్కలో ఎక్కడా పడదు. నా యాప్‌లో నేను ఆ గంట ఖాళీగా ఉన్నట్టే. గూడెంలో గొడవైతే నేను, సర్వేకి జనం రాకపోతే నేను, పెద్దాఫీసర్ వస్తే థింసా ఆడేవాళ్లని పిలుచుకురావడానికీ నేనే. అదే ఆఫీసులో ఒకరోజు ఏదో తప్పు దొర్లితే, "రిజర్వేషన్‌లో వస్తే ఇలాగే ఉంటుంది" అని వెనక నుంచి ఒక మాట వినపడింది. ఎవరన్నారో తిరిగి చూడలేదు. చూసి ఉంటే రోజూ ఆ మొహం పక్కనే కూర్చోవాలి కదా.

ఊళ్లో చూస్తే ఇంకో రకం. ఎవరిదో కరెంటు మీటరు మా పెదనాన్న ఆధార్‌కి ముడిపడి మూడొందల యూనిట్లు దాటినట్టు చూపించి పథకం ఆగిపోయింది. ఆయన ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు. నేను పది అర్జీలు పెట్టాను. ఆయన దృష్టిలో మాత్రం ఆపింది నేనే. "మనోడే కూర్చుని మనకే అడ్డం కొట్టాడు" అని పెళ్లిలో అందరి ముందూ అన్నాడు. కంప్యూటర్ చేసిన తప్పుకి ఊళ్లో దొరికే మొహం మనది. ఆఫీసుకి మనం ఊరివాళ్లం, ఊరికి మనం ఆఫీసు వాళ్లం. ఈ రెండిటి మధ్య నలిగేది మైదానం నుంచి వచ్చిన ఉద్యోగికి అర్థం కాదు. సాయంత్రం ఐదున్నరకి బస్సు ఎక్కితే వాడి ఆఫీసు అయిపోతుంది. నాకు ఇంటి అరుగు మీద మళ్లీ మొదలవుతుంది.

ఇటుకల పండగ సంగతి వేరే చెప్పాలా? చైత్రంలో ఊరంతా వేటకి, ఆటకి పోతుంది. అప్పుడే ఆర్థిక సంవత్సరం ముగింపు, కొత్త సర్వేలు, పన్ను వసూళ్ల టార్గెట్లు. ఆరేళ్లలో నేను పండక్కి పూర్తిగా ఇంట్లో ఉన్నది రెండుసార్లు.

ఏఎన్‌ఎం చెల్లెళ్ల పరిస్థితి నాకన్నా కష్టం. వ్యాక్సిన్ పెట్టె మోసుకుని నడవాలి. ఒకే గర్భిణి వివరాలు రిజిస్టర్‌లో ఒకసారి, యాప్‌లో ఒకసారి ఎక్కించాలి. దారిలో మరుగుదొడ్డి ఉండదని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా తిరుగుతామని ఒక చెల్లి చెప్పింది. దీని గురించి నేను రాయడం కన్నా వాళ్లే రాస్తే బాగుంటుంది. రాయండమ్మా, ఈసారి కింద ఎవరైనా నవ్వు బొమ్మలు పెడితే అడ్మిన్లు చూసుకుంటారు.

ఇంతా చెప్పి, ఉద్యోగంలో సంతోషమే లేదంటే అబద్ధం అవుతుంది. ఒక అవ్వకి ఆధార్‌లో వయసు పన్నెండేళ్లు తక్కువ పడి పింఛను రాలేదు. ఏడు నెలలు తిరిగాం, ఆవిడా నేనూ. మొదటి పింఛను చేతిలో పెట్టిన నెల, మా ఆఫీసుకి నడిచి వచ్చి చిన్న సంచిలో రాజ్మా తెచ్చింది. తీసుకోకూడదని రూలు. తీసుకోకపోతే అవ్వ కదలదు. అక్కడే వండించి ఆవిడతో సహా అందరం తిన్నాం. ఆ రోజు ఎవరైనా "ఈ ఉద్యోగం మానేస్తావా" అని అడిగితే కొట్టేవాణ్ని.

హెర్జ్‌బర్గ్ అనే ఆయన 1959లో చెప్పింది ఇదే అనుకుంటాను. అసంతృప్తిని తగ్గించేవి వేరు, తృప్తినిచ్చేవి వేరు అన్నాడాయన. జీతం, ఆఫీసు గది, పై అధికారి తీరు బాగుంటే గొణుగుడు తగ్గుతుంది, అంతే. తృప్తి మాత్రం పనిలోంచే రావాలి. చేసిన పనికి ఫలితం కంటికి కనపడాలి, నీ వల్లే అయిందని ఎవరో ఒకరు గుర్తించాలి. మా ఉద్యోగంలో రెండోది గూడేల నిండా దొరుకుతుంది. మొదటిదే దాన్ని మింగేస్తోంది. అవ్వ దగ్గర పది నిమిషాలు కూర్చునే టైము ఉంటే నాకు జీతం పెంచక్కర్లేదు అని నేను అనను (జీతమూ పెంచాలి), కానీ ఆ పది నిమిషాలు ముఖ్యం.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. 2023లో ఒక సర్వే చివరి రోజు. పొద్దున్నుంచి మూడు ఫోన్లు తిట్లు తిన్నాను. సర్వర్ లేదు. ఒక తాత నాలుగోసారి వచ్చి అదే సంగతి అడిగాడు. నేను గట్టిగా అరిచాను. ఆఫీసంతా చూసింది. తాత ఏమీ అనలేదు, కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. మరుసటి వారం వాళ్ల గూడెం వెళ్లి క్షమించమని అడిగాను. "పర్లేదు బాబూ, ఆఫీసోళ్లు అంతే కదా" అన్నాడు. తిట్టినా బాగుండేది. చిన్నప్పుడు మా నాన్న చేయి పట్టుకుని ఆఫీసుల ముందు నిలబడినప్పుడు ఎలాంటివాణ్ని చూసి భయపడ్డానో, ఆ రోజు నేను అలాంటివాణ్ని అయ్యాను.

అందుకే ఉద్యోగి ఒత్తిడి ఉద్యోగి ఇంటి సమస్య అంటే ఒప్పుకోను. అది కౌంటర్ అవతల నిలబడ్డవాడి మీద పడుతుంది. మన విషయంలో ఆ నిలబడ్డవాడు మన తాతే. కొందరు దీనికి సాయంత్రం సీసాతో మందు వేసుకుంటున్నారు. కొందరు మైదానానికి బదిలీ పెట్టించుకుని వెళ్లిపోతున్నారు. వాళ్లని నేను తప్పుపట్టను. కానీ వాళ్లు వెళ్లాక ఆ ఆఫీసులో కువి తెలిసినవాళ్లు ఎవరూ మిగలరు.

"ఆ పోస్టు మాకిచ్చేయ్" అన్న తమ్ముడి కోపం కూడా నాకు తెలుసు. ఏజెన్సీలో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. డీఎడ్, బీఎడ్ చేసి ఇంట్లో కూర్చున్నవాళ్లు మన గ్రూప్‌లోనే ఎంతమందో. ఆశ్రమ పాఠశాలల్లో కాంట్రాక్టు మీద ఏటేటా రెన్యువల్ కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. వాళ్ల ముందు పర్మినెంట్ ఉద్యోగి ఏడిస్తే మండుతుంది, నిజమే. కానీ ఉద్యోగం లేనివాడి బాధ ఉద్యోగం ఉన్నవాడి బాధని అబద్ధం చేయదు కదా తమ్ముడూ. రేపు ఆ కుర్చీలోకి నువ్వే వస్తావు. అప్పుడు నీకు ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉండాలి.

ఇక పైనుంచి వచ్చే పరిష్కారాలు. ఒత్తిడి తగ్గించుకోండని మాకు ఒకరోజు యోగా పెట్టారు. ఆ రోజు హాజరు ఫొటో అప్‌లోడ్ కాక అందరం మెట్ట ఎక్కాం. యోగా మంచిదే, కాదనను. కానీ బస్తా దింపకుండా నడుముకి నూనె రాస్తే ఏం లాభం? సంఘాలు అడగాల్సినవి చిన్నవే, ఖర్చు లేనివి. ఏజెన్సీలో టార్గెట్ శాతానికి దూరం, నడక లెక్క కట్టండి. సిగ్నల్ లేని గూడేల్లో నెట్ లేకుండా నమోదు చేసి తర్వాత పంపే వీలు ఇవ్వండి. ఒకే అధికారికి జవాబుదారీ చేయండి. ఇటుకల పండక్కి స్థానిక సెలవు ఇవ్వండి. గిరిజన భాష తెలిసి ఆ పని చేస్తున్న ఉద్యోగికి దాన్ని పనిగా రాసి భత్యం ఇవ్వండి. చివరిది అడిగితే నవ్వుతారని తెలుసు. 1940ల్లో హైమండార్ఫ్ ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు యువకులకే శిక్షణ ఇచ్చి టీచర్లుగా పెట్టించాడు. గూడెం భాష తెలిసినవాడి విలువ అప్పటి నిజాం సర్కారుకి అర్థమైంది.

మనం చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఉద్యోగం వచ్చినవాళ్ల ఫొటోలు పెట్టే అలవాటుతో పాటు, ప్రతి కొత్త ఉద్యోగికి అదే శాఖలో ఐదేళ్లు దాటిన మనోడు ఒకడు ఫోన్‌లో అందుబాటులో ఉండేలా చేద్దాం. నెలకో ఫోన్ చాలు. రాజీనామా ఆలోచన వచ్చినవాళ్లు ముందు సెలవు పెట్టండి. ఏ సెలవులు మిగిలాయో సర్వీసు రిజిస్టర్ తెలిసిన సీనియర్‌ని అడగండి. చెప్పకుండా ఆఫీసు మానేయొద్దు, అది అనధికార గైర్హాజరీ అయ్యి మెమోలు, ఛార్జీల దాకా పోతుంది. కులం పేరుతో వేధింపు ఉంటే తేదీ, మాట, అక్కడున్నవాళ్లు ఎవరో అదే రోజు రాసి పెట్టుకోండి. జాతీయ ఎస్టీ కమిషన్ ఉద్యోగుల సర్వీసు ఫిర్యాదులు కూడా తీసుకుంటుంది. నిద్ర పట్టక, బతకాలనిపించక ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేస్తే పిచ్చోడంటారేమో అని భయపడొద్దు, నేను చేశాను.

సెలవు పెట్టి, ఆలోచించి, అప్పటికీ ఆ ఉద్యోగం వద్దనుకుంటే మానేయడం కూడా సిగ్గుపడే పని కాదు. ఫ్లెక్సీ కట్టిన ఊరు అర్థం చేసుకుంటుంది, కొంచెం టైము పడుతుంది.

తమ్ముడితో నిన్న మళ్లీ మాట్లాడాను. కాగితం ఇంకా బ్యాగులోనే ఉందట. మా బ్యాచ్ అక్క ఒకావిడ వాళ్ల పక్క మండలంలోనే పనిచేస్తోంది, ఇద్దరినీ కలిపాను. ఈ నెల పింఛన్లు అయ్యాక నాలుగు రోజులు సెలవు అడిగాడు. పైనుంచి ఇంకా ఏమీ చెప్పలేదట.